కందకు లేని దురద

తెలంగాణ పల్లెల్లో కందగడ్డ అంటే ఎర్రతొక్క తీపిదుంప. శివరాత్రి ఉపవాసానికి ఉడకబెట్టుకునేది అదే. గోదావరి జిల్లాలకు దిగితే దాని పేరు చిలగడదుంప, రాయలసీమకు పోతే గెనుసుగడ్డ. కంద అనే మాట కోస్తాలో ఇంకో దుంపది. మట్టిముద్దలా ఉండి, కోస్తే చేతులు దురదపెట్టి, చింతపండు పులుసో ఆవపెట్టో తోడైతే తప్ప నాలుక మీద నిలవనిది. ఖమ్మం వైపు నుంచీ కోస్తా వైపు నుంచీ జనం వచ్చి కలిసే భద్రాచలంలో ఈ ఒక్క మాటకు రెండు దుంపలు పలుకుతాయి. ఊరు దాటి అడవిలోకి నడిస్తే కోయలకు, కొండరెడ్లకు అడవిదుంపల లెక్క వేరు. ఏ తీగ కింద తవ్వాలి, ఏ కాలంలో తవ్వాలి, ఏ దుంపను చెక్కలుగా కోసి వాగునీళ్లలో రోజుల తరబడి నానబెట్టి విషం పోగొట్టాలి అన్నది అక్కడి వర్గీకరణ. ఇన్నిట్లో దుంప అసలు జాతి ఏది అని అడిగితే చిన్న ప్రశ్నలా తోస్తుంది. కానీ దాని జవాబు మీద పన్ను ఆధారపడి ఉంది, అడవి మీద హక్కు ఆధారపడి ఉంది, వ్రతమూ మడీ ఆధారపడి ఉన్నాయి. ఒక వస్తువు ఏ కోవకు చెందుతుందన్నది దాని స్వభావంలోనే ఉందా, లేక చూసేవాడి అవసరంలో ఉందా అన్న పాత తత్త్వప్రశ్నను దుంప దగ్గర తేల్చుకోవడం మంచిదని నా నమ్మకం. ఆత్మ గురించో బ్రహ్మం గురించో మాట్లాడేటప్పుడు అడ్డొచ్చే పక్షపాతాలు దుంప దగ్గర కాస్త తగ్గుతాయి.

ఈ ప్రశ్నకు ఇవాళ ప్రపంచంలో అందరికంటే వివరంగా జవాబు రాసి పెట్టుకున్నవాళ్లు కస్టమ్స్ అధికారులు. బ్రస్సెల్స్‌లోని ప్రపంచ కస్టమ్స్ సంస్థ నడిపే హార్మొనైజ్డ్ సిస్టమ్ 1988 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ఓడలో దిగే ప్రతి సరుకుకూ అందులో ఆరంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. మన దేశం ఇంకో రెండంకెలు కలిపి ఎనిమిది చేసుకుంది. ఆ పుస్తకంలో ఏడో అధ్యాయం కూరగాయలది. దాని మొదటి శీర్షిక 0701 ఆలుగడ్డది. చివరి శీర్షిక 0714లో కర్రపెండలం, ఆరారూటు, చిలగడదుంప, వాటిలాగే పిండిపదార్థం ఎక్కువగా ఉన్న ఇతర దుంపలు కూర్చున్నాయి. మధ్యలో 0710 ఫ్రోజెన్ కూరగాయలది. ఆలుగడ్డను గడ్డకట్టిస్తే 0710లోకి వస్తుంది, అంటే కూరగాయగానే మిగులుతుంది. పెండలాన్నో చేమదుంపనో గడ్డకట్టిస్తే 0714లోనే ఉండిపోతుంది. ఆలుగడ్డలో పిండి లేదా అంటే బోలెడంత ఉంది. మరి పిండి ఎక్కువున్న దుంపల పంక్తిలో అదెందుకు కూర్చోలేదంటే పుస్తకం కారణం చెప్పదు. ఆ పుస్తకం రాసిన ఖండంలో రోజూ కంచంలోకి వచ్చే దుంప పంక్తికి మొదట కూర్చుంది, వేడిదేశాల దుంపలు చివర కూర్చున్నాయి అన్నది నాకు తోచిన కారణం. పెండలం జాతికీ చేమ జాతికీ ఆ పుస్తకంలో సొంత సంఖ్యలు వచ్చింది 2012 సవరణలో. అంతవరకూ అవి 'ఇతరములు' అన్న గంపలో ఉండేవి. కోట్లమంది రోజూ తినే తిండికి ప్రపంచ వాణిజ్యపు భాషలో అప్పటిదాకా పేరే లేదు. మన కంద ఇప్పటికీ ఆ ఇతరాల గంపలోనే ఉంది.

గంప మారితే పన్ను మారుతుంది. మన దేశంలోనే చూడండి. 2017లో జీఎస్టీ మొదలైనప్పుడు 0714 కిందకు వచ్చే దుంపలు తాజాగా ఉంటే పన్ను లేదు, ఫ్రోజెన్ చేస్తేనో ఎండబెడితేనో 5 శాతం. సీలు వేసిన బ్రాండు ప్యాకెట్లలోని ఫ్రోజెన్ కూరగాయల మీద ఉన్న 5 శాతాన్ని 2019 జనవరి నుంచి ఎత్తేశారు. ఆ ఎత్తివేత 0710కి వర్తించింది, 0714కి వర్తించలేదు. కాబట్టి ఫ్రోజెన్ బఠాణీకి పన్ను పోయింది, ఫ్రోజెన్ ఆలుగడ్డకు పోయింది, పక్క అరలో అదే చలిలో ఉన్న చేమదుంపకు ఉండిపోయింది. సముద్రం దాటి, మన తెలుగువాళ్లు ఫ్రోజెన్ కంద, చేమ ప్యాకెట్లు కొనుక్కునే అమెరికాకు పోతే చిత్రం ఇంకా స్పష్టం. అక్కడి సాధారణ సుంకాల పట్టికలో ఫ్రోజెన్ కర్రపెండలానికి 7.9 శాతం, ఫ్రోజెన్ కానిదానికి 11.3 శాతం. చిలగడదుంపకు వచ్చేసరికి ఇది తిరగబడుతుంది. ఫ్రోజెన్‌కు 6 శాతం, కానిదానికి 4.5 శాతం. చలి తగిలితే ఒక దుంపకు పన్ను తగ్గడం, ఇంకో దుంపకు పెరగడం దుంపల స్వభావంలోంచి వచ్చిన తేడా అని ఎవరూ అనలేరు. ఎప్పుడో ఎవరో రైతుల్ని కాచుకోవడానికో, ఏదో ఫ్యాక్టరీకి ముడిసరుకు చవగ్గా అందించడానికో చేసుకున్న బేరాలు అంకెలుగా మిగిలిపోయాయి.

లక్షణం చెప్పడం ఎంత కష్టమో మన తార్కికులకు బాగా తెలుసు. పదిహేడో శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం సంస్కృతం చదివే పిల్లలకు ఇవాళ్టికీ మొదటి తర్కగ్రంథం. లక్షణానికి మూడు దోషాలుంటాయని ఆ సంప్రదాయం చెబుతుంది. ఆవుకు కపిలవర్ణం లక్షణమంటే తెల్లావు జారిపోతుంది, అది అవ్యాప్తి. కొమ్ములుండటం లక్షణమంటే గేదె కూడా ఆవైపోతుంది, అది అతివ్యాప్తి. ఒంటిగిట్ట లక్షణమంటే ఏ ఆవూ ఆవు కాకుండా పోతుంది, అది అసంభవం. ఈ కొలత 0714కి పెట్టి చూస్తే, పిండి ఎక్కువగా ఉండటం అన్న లక్షణం ఆలుగడ్డను కూడా పట్టేస్తుంది. అతివ్యాప్తి. దాన్ని తప్పించడానికి ఆలుగడ్డకు విడిగా ఇల్లు కట్టాల్సి వచ్చింది. తార్కికుడైతే లక్షణాన్ని దిద్దుకుంటాడు. సుంకాల పుస్తకం మాత్రం లక్షణాన్ని అలాగే ఉంచి మినహాయింపులు రాసుకుంటుంది. ఇంకా ముందుకు పోయి, రెండు మూడు సరుకులు కలిసిన ప్యాకెట్ వచ్చినప్పుడు దాని ముఖ్య స్వభావాన్ని ఏ సరుకు ఇస్తుందో ఆ కోవలో వేయమని మూడో వ్యాఖ్యాన సూత్రం చెబుతుంది. అలా తేలకపోతే? పోటీలో ఉన్న శీర్షికల్లో సంఖ్యావరసలో చివరిది ఏదైతే అందులో వేయమంటుంది. ఈ చివరి వాక్యం నాకు ఎంతో నిజాయితీగా అనిపిస్తుంది. స్వభావం కోసం వెతికి వెతికి దొరక్కపోతే లెక్కలో చివరి అంకెను పట్టుకోమనడం, వ్యవహారం నడవాలి కాబట్టి ఒక ఒప్పందానికి వచ్చామని బాహాటంగా ఒప్పుకోవడమే.

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని సామెత. దాన్ని మనం పరాయి గొడవలో తలదూర్చేవాళ్ల మీద వాడతాం గానీ అందులో ఒక తత్త్వం ఉంది. కందలో దురద ఎక్కడుంది? మట్టిలో ఉన్న కందకు దురద లేదు. కత్తిపీటకూ లేదు. కందలోని సూదుల్లాంటి స్ఫటికాలు చేతి చర్మాన్నో నాలుకనో తాకినప్పుడు దురద పుడుతుంది, చింతపండు పులుపు కలిస్తే అణుగుతుంది. దురద కందది అనడం వాడుకకు సరిపోతుంది, కానీ నిజానికి అది కందకూ నాలుకకూ మధ్య పుట్టింది. కృష్ణాతీరంలోని శ్రీపర్వతంతో సంప్రదాయం ముడిపెట్టే నాగార్జునుడు చెప్పిందీ ఇదే. ఏ వస్తువుకూ ఇతరాలతో సంబంధం లేని సొంత స్వభావం ఉండదు, సంబంధాల్లోనే అది ఫలానాదవుతుంది. అయితే ఆయన అక్కడితో ఆగి లోకమంతా మిథ్య అని చేతులు దులుపుకోలేదు. పరమార్థ సత్యం ఒకటి, వ్యవహారానికి పనికొచ్చే సంవృతి సత్యం ఒకటి అని రెండు అంతస్తులు కట్టాడు. సుంకాల పుస్తకం సంవృతి సత్యం. అది లేకపోతే ఓడరేవు నడవదు. దాన్ని ఎవరైనా దుంప అసలు స్వభావంగా చూపించబోతేనే పేచీ.

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటుంది. పిండి అనేది ఎవరి ఊహా కాదు, ప్రయోగశాలలో కొలవగలిగిన నిజం, కాబట్టి పిండిని బట్టి చేసిన వర్గీకరణ ప్రకృతిని అనుసరించినదే కదా అని. పిండి నిజమే. కానీ దుంపలో పిండి ఒక్కటే లేదు. నీరుంది, పీచుంది, విషముంది, వాసనుంది, దొరికే కాలముంది, దొరికే చోటుంది. వీటన్నిట్లో పిండినే ఎత్తి పట్టుకోవడం ఒక ఎంపిక. ఆ ఎంపిక స్టార్చ్ ఫ్యాక్టరీకీ పశువుల దాణా వ్యాపారికీ అక్కరకొచ్చేది. ఇదేమీ ఊహ కాదనడానికి థాయిలాండ్ కర్రపెండలం సాక్ష్యం. యూరప్ తన ధాన్యపు రైతుల కోసం ధాన్యం దిగుమతుల మీద భారీ సుంకాలు కట్టుకుంది. కర్రపెండలం మాత్రం 6 శాతం దగ్గర బిగించిన వరసలో ఉండిపోయింది. 1970లలో థాయిలాండ్ నుంచి ఎండు కర్రపెండలం ఓడలకొద్దీ యూరప్ పశువుల కొట్టాలకు చేరింది, ఆ పంట కోసం ఈశాన్య థాయిలాండ్ మెట్ట అడవులు నరికారు. చివరికి 1982లో ఎగుమతికి పరిమితి ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది. బ్రస్సెల్స్‌లో ఒక దుంప ధాన్యపు కోవలో పడకపోవడం వల్ల వేలమైళ్ల దూరంలో చెట్లు కూలాయి. వర్గీకరణ కేవలం పేరు పెట్టే పని అనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు.

న్యాయస్థానాలు ఈ చిక్కులో పడినప్పుడు శాస్త్రాన్ని పక్కనపెట్టి బజారును అడిగాయి. 1893లో అమెరికా సుప్రీంకోర్టు నిక్స్ వర్సెస్ హెడెన్ కేసులో టమాటా వృక్షశాస్త్రం ప్రకారం పండే అయినా జనం దాన్ని భోజనంలో కూరగాయగా వాడతారు కాబట్టి కూరగాయ సుంకం కట్టాల్సిందేనంది. 1961లో మన సుప్రీంకోర్టు రామావతార్ బుధాయిప్రసాద్ కేసులో తమలపాకు ఆకే అయినా కూరగాయల పన్ను మినహాయింపు దానికి రాదంది, ఎందుకంటే కూరగాయలు తెమ్మంటే ఎవరూ తమలపాకులు తేరు. ఈ పద్ధతి నాకు నచ్చుతుంది. పేరు జనవ్యవహారంలో పుడుతుందని న్యాయమూర్తులు సూటిగా ఒప్పుకున్నారు. కానీ జనం అంటే ఎవరు అన్న దగ్గర ఆగాలి. కోర్టు అడిగింది బజారులో అమ్మేవాణ్ణి, కొనేవాణ్ణి. బజారుకు రాని తిండి, అడవిలో తవ్వి అడవి అంచున వండుకునే తిండి ఆ సాక్షుల పట్టికలో లేదు.

మతం దగ్గరికి వస్తే వర్గీకరణ ఇంకా సూక్ష్మం. ఏకాదశికి అన్నం నిషిద్ధం, చాలా ఇళ్లలో చిలగడదుంప ఫలాహారం. పిండి రెండిట్లోనూ ఉంది. కాబట్టి వ్రతం చూసేది పిండిని కాదు. తద్దినం రోజు కంద, చేమ, అరటి వండుతారు, ఆలుగడ్డ, క్యారెట్ పొయ్యి దగ్గరికి రావు. పూర్వీకులు ఎరగని తిండి వాళ్లకు పెట్టకూడదన్న తలంపు అందులో ఉంది. బ్రస్సెల్స్ పుస్తకం మొదటి పీటవేసిన ఆలుగడ్డకు పితృదేవతల విస్తరిలో చోటు లేదు, ఇతరాల గంపలో పడేసిన కందకు అక్కడ గౌరవం. యాదాద్రి భువనగిరి జిల్లా కొలనుపాకకు వచ్చే జైన యాత్రికులకు కందమూలాలన్నీ వర్జ్యం. ఒక్క దుంప దేహంలో లెక్కలేనన్ని జీవులుంటాయని, దాన్ని పెకలిస్తే మొక్కంతా చస్తుందని వాళ్ల విశ్వాసం. ఎండిన శొంఠి, పసుపు మాత్రం చెల్లుతాయి. ఇంకో పోలిక నన్ను ఆశ్చర్యపరిచింది. ఫ్రోజెన్ కూరగాయను నీళ్లలోనో ఆవిరిలోనో ఉడికిస్తే కస్టమ్స్ దృష్టిలో అది ఇంకా కూరగాయే, ఏడో అధ్యాయం దాటదు. నూనెలో వేయిస్తే తయారైన వంటకంగా మారి ఇరవయ్యో అధ్యాయానికి పోతుంది. మన మడి ఆచారంలోనూ గీత అక్కడే పడింది. నీళ్లతో వండినది అంటు, నూనెలో వేగినదానికి అంత పట్టింపు లేదు. ఎవరి దగ్గర ఎవరూ నేర్చుకోకుండానే ఇద్దరూ నీటికీ నూనెకూ మధ్య గీత గీశారు. అర్థాలు మాత్రం వేరు. ఒకరు పారిశ్రామిక శ్రమను లెక్కిస్తున్నారు, ఇంకొకరు అంటును లెక్కిస్తున్నారు.

అలాగైతే మతం గీసిన గీతలూ సుంకపు గీతల్లాంటి ఒప్పందాలే కదా, ఒకదాన్ని ప్రశ్నించి ఇంకొకదాన్ని ఎందుకు గౌరవించాలి అని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. నా జవాబు రెండిటికీ ఒకటే కొలత పెట్టమని. గీత గీసినవాడే దాని భారం మోస్తున్నాడా లేదా? ఏకాదశి వ్రతం పట్టినవాడు తన అన్నం తాను మానుకుంటాడు. దుంప మానుకున్న జైనుడు తన నాలుకను తాను కట్టేసుకుంటాడు. అంతవరకూ ఆ గీత పవిత్రమే. అదే మడి గీత పక్కవాణ్ణి బావి దగ్గరికి రానివ్వనప్పుడు, భారం గీసినవాడి మీద నుంచి ఇంకొకడి మీదకు జారిపోతుంది. అక్కడ అది ధర్మం కాకుండా పోతుంది. కోయ, కొండరెడ్డి పల్లెల్లో కొత్త పండుగలున్నాయి. మామిడికాయైనా చిక్కుడుకాయైనా కొత్తది ముందు దేవతకూ పెద్దలకూ పెట్టి, ఊరంతా పంచుకున్నాకే ఎవరైనా తినాలి. తినదగినదీ తినరానిదీ అన్న గీత ఇక్కడ వస్తువు మీద లేదు, కాలం మీదా పంపకం మీదా ఉంది. పండుగకు ముందు ఆ కాయ తినరానిది, తర్వాత తినదగినది. కాయ మారలేదు. మనుషుల మధ్య బాకీ తీరింది. నేను చదివిన వర్గీకరణలన్నిట్లో తాను ఒప్పందాన్నేనని దాచుకోని వర్గీకరణ ఇది.

రాజ్యం కూడా ఒకప్పుడు సుంకాన్ని ధర్మంతో ముడిపెట్టి మాట్లాడింది. అర్థశాస్త్రంలో శుల్కాధ్యక్షుడి విధుల్లో పూలు, పండ్లు, ఆకుకూరలతో పాటు మూలాలు, కందాలు అని విడివిడిగా పేర్కొని ఆరో వంతు సుంకం చెప్పారు. వేరు వేరు, దుంప వేరు అన్న తెలివిడి అక్కడ ఉంది. అదే గ్రంథం పెళ్లికి, పురిటికి, ఉపనయనానికి, వ్రతానికి, దేవపూజకు తీసుకుపోయే సరుకు మీద సుంకం వద్దంటుంది. అంటే వస్తువును దాని ఒంట్లో ఏముందో చూసి కాక ఏ పనికి పోతోందో చూసి వర్గీకరించారు. ఓరుగల్లును ఏలిన గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం ఇంకో మెట్టు ఎక్కింది. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును వెనకటి రాజులు లాక్కునేవారు. ఆ అలవాటు మాని, నిర్ణీత సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని రాజు మాటిచ్చాడు, ఎగుమతి దిగుమతుల మీద ముప్ఫయ్యో వంతు అని రాతిలో చెక్కించాడు. సుంకరి వద్ద సుఖదుఃఖాలు చెప్పుకున్నట్లు అని మనకో సామెత ఉంది, వినడని దాని భావం. మోటుపల్లి శాసనం వింటానని చెప్పిన సుంకరి మాట.

ఇక భద్రాచలం గడ్డ మీదకే వద్దాం. రామదాసుగా పేరుపడ్డ పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న కథ తెలియని తెలుగువాడు లేడు. గోల్కొండ సుల్తాను తానీషా ఖజానాకు చేరాల్సిన సొమ్ము రాముడి గుడికి చేరింది, గోపన్న గోల్కొండ చెరకు చేరాడు, పన్నెండేళ్లున్నాడని సంప్రదాయం. దీన్ని మనం భక్తికథగా వింటాం, వినాలి. నా వాదానికి మాత్రం ఇది పెద్ద ఆక్షేపణగా ఎదురు నిలుస్తుంది. కోవ ప్రయోజనాన్ని బట్టి మారుతుందంటే, ఒకే నాణేన్ని సుల్తాను పన్ను అన్నాడు, భక్తుడు కైంకర్యం అన్నాడు, ఇద్దరూ ఒప్పేనా? ఎవడి ప్రయోజనం వాడు చెప్పుకుంటూ పోతే లెక్కకు నిలకడేది? చాలాకాలం ఆలోచించి నేను తేల్చుకున్నదేమంటే, ఆ కథలో ఇద్దరు వాదులున్నారు గానీ మూడోవాడి మాట ఎక్కడా వినిపించదు. ఆ నాణేలు కట్టిన రైతు, ఆ పరగణాలో పోడు చేసుకున్న మనిషి తన సొమ్ముకు ఏ పేరు పెట్టేవాడో ఎవరూ అడగలేదు. రామదాసు భక్తి నాకు పూజ్యమే. గుడి అందరిదీ అయిందన్నదీ నిజమే. అయినా ప్రయోజనం ఒక్కటే చాలదు, భారం మోసినవాడి సమ్మతి కూడా కావాలన్నది ఆ కథ దగ్గరే నాకు స్పష్టమైంది.

ఆ సమ్మతి అడగకపోవడం ఈ ఒడ్డున ఎంత నెత్తురు తెచ్చిందో చరిత్ర చెబుతుంది. 1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను బ్రిటిషువాళ్లకిచ్చాడు. అప్పటి నుంచి భద్రాచలం ఒక రాజ్యం, ఎదుటి ఒడ్డున బూర్గంపహాడ్ ఇంకో రాజ్యం. నిజాం ప్రభుత్వానికి కరోడ్‌గిరి అనే సొంత సుంకాల శాఖ ఉండేది. 1802 వాణిజ్య ఒప్పందం నాటి నుంచి 5 శాతం సుంకం వాడుక. ఇటు తెలుగు, అటు తెలుగు, మధ్యలో ఏరు, ఆ ఏరు దాటితే సరుకు విదేశీ. భద్రాచలం తాలూకా మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండేది, 1874లో మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో కలిపారు. రేకపల్లి వైపు కొండవాళ్లు అంతకుముందు గొడ్డలికి ఇంత అని కట్టి పోడు చేసుకునేవారు. పాలన మారగానే పన్ను పెరిగింది, కొన్ని చోట్లు మూసేశారు, కొన్ని చెట్లు నరకరాదన్నారు. అదే కాలంలో రంప కొండల్లో కల్లును ఆబ్కారీ కింద చేర్చారు. ఎండాకాలం జీలుగు కల్లు కొండవాళ్లకు తిండితో సమానం, గింజలు లేని నెలల్లో కడుపు నిలిపేది. ప్రభుత్వం పుస్తకంలో అది మత్తుపానీయం, గుత్తకివ్వాల్సిన సరుకు. దానికి తోడు కల్లు మీద చిగురుపన్ను. 1879 మార్చిలో రంప పితూరీ లేచింది, కొద్ది నెలల్లో రేకపల్లికి పాకింది. పోలీసుల ఆగడాలు, వ్యాపారుల దావాలు కూడా కారణాలే. కానీ మొదట కాలింది ఒక తిండిని ఇంకో పేరుతో పిలిచినచోట.

తర్వాత వచ్చిన అటవీ చట్టాలు దుంపకు ఇంకో పేరు పెట్టాయి. 1927 నాటి భారత అటవీ చట్టం ప్రకారం అడవిలో దొరికిన, అడవి నుంచి తెచ్చిన ఏ మొక్కైనా, దాని ఏ భాగమైనా అటవీ ఉత్పత్తే. పెరట్లో తవ్విన పెండలం కూరగాయ. అదే తీగ అడవి గట్టున ఉంటే ప్రభుత్వం సొత్తు, సుంకం వేయదగిన వస్తువు. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1945లో అచ్చువేసిన పుస్తకంలో గోదావరి కొండల్లోని రెడ్లు కర్రతో దుంపలు తవ్వుకుని, జీలుగు చెట్టు బెండు దంచుకుని కరువు నెలలు గడపడం గురించి రాశాడు. ఆ మనుషులు తింటున్నది తమ తిండి కాదని, చట్టం చేసిన ఊరిలో ఎప్పుడో తేలిపోయింది. ఇక పోలవరం ప్రాజెక్టు. 2014లో కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం వంటి మండలాలను ముంపు కారణంగా తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు మార్చారు. ముంపు గ్రామాల పరిహారంలో ఇంటికి లెక్క ఉంది, పట్టా భూమికి లెక్క ఉంది. అడవి వాడుకకు? 2007 జాతీయ పునరావాస విధానం దానికీ ఒక అంకె రాసింది. అటవీ ఉత్పత్తుల మీద ఆచార హక్కులు పోయిన ప్రతి గిరిజన కుటుంబానికి 500 రోజుల కనీస వ్యవసాయ కూలీ. దుంప, తేనె, చింత, ఇప్ప, కొత్త పండుగ, కరువు నెలల ధైర్యం, అన్నీ కలిపి కూలి రోజుల కోవలో పడ్డాయి. ఏ సూత్రం ప్రకారం అడవి ముఖ్య స్వభావం కూలి అయిందో చెప్పగలవారు లేరు. సంఖ్యావరసలో చివరిది పట్టుకున్నట్టుంది.

ఇంత చెప్పాక కూడా ఆచరణవాది ఒకడు అడుగుతాడు. భద్రాచలం అడవి దుంప ఏ ఓడా ఎక్కదు, ఎవరూ దాన్ని ఫ్రోజెన్ చేయరు, 0714తో కోయవాడికి పనేంటి, ఊరూరికీ ఒక వర్గీకరణ ఉంటే వ్యాపారమెలా సాగుతుంది, అధికారి ఇష్టారాజ్యం కాదా అని. మొదటిది నిజం, ఆ 5 శాతం కోయవాడి కంచంలో పడదు. నేను ఫ్రోజెన్ దుంపను ఎత్తుకున్నది దాని ధర కోసం కాదు. ఎవరికీ అంతగా పట్టని ఆ వరసలో వర్గీకరణ పద్ధతి నగ్నంగా కనిపిస్తుందని. అక్కడ కనిపించిన పద్ధతే అటవీ చట్టంలో, పరిహారం పట్టికలో పనిచేస్తోంది. రెండో మాటతో నాకు పేచీ లేదు. ఒకే పుస్తకం, ఒకే అంకె ఉండటం వల్ల చిన్న వర్తకుడికి రక్షణ ఉంటుంది. అంకె లేకపోతే లంచం ఉంటుంది. గణపతిదేవుడు రాతిలో చెక్కించిందీ అందుకే. కాబట్టి పుస్తకం ఉండాలి, కానీ ఏ పని కోసం రాసుకుందో ఆ పనికే దాన్ని కట్టుబడి ఉండమనాలి. ఓడరేవులో సుంకం వసూలుకు పిండిని లెక్కపెట్టుకోండి. ఆ లెక్కను తిండి మీద, అడవి మీద, మనిషి బతుకు మీద తీర్పుగా తేవద్దు. అక్కడ పేరు పెట్టే అధికారం తవ్వేవాడిది, తినేవాడిది, నష్టపోయేవాడిది.

ఈ మాట కోరికగా మిగలలేదు, చట్టంగా కూడా ఉంది. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం గ్రామసభకూ పంచాయతీకీ ఇవ్వమంది. 2006 అటవీ హక్కుల చట్టం ఆ ఉత్పత్తులు ఏమిటో పేర్లతో రాసింది. వెదురు, తేనె, మైనం, లక్క, తునికాకు, ఔషధ మొక్కలు. తునికాకుకు టెండర్లున్నాయి, వెదురుకు కాంట్రాక్టులున్నాయి, వాటి గురించి అందరికీ తెలుసు. జాబితా చివరికి ఎవరూ వెళ్లరు. ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం, అల్లూరి సీతారామరాజు జిల్లాల అటవీ గ్రామాల్లో గ్రామసభలు నడిపే పెద్దలకూ, చదువుకున్న పిల్లలకూ నా విన్నపం ఒక్కటే. తీర్మానాల పుస్తకంలో మీ దుంపల పేర్లు మీ భాషలో, మీరు తవ్వే చోటుతో సహా రాయించండి. ఆ చట్టం రెండో సెక్షన్‌లో జాబితా చివర 'వేర్లు, దుంపలు' అన్న మాటలున్నాయి. వాటి కింద ఖాళీ మీదే.